అమెరికా నుంచి అమ్మమ్మ బటన్ ఫోన్‌కి కాల్: చవక ఇంటర్నెట్ కాలింగ్ వెనక అసలు ఏం జరుగుతుంది?

పోయిన వానాకాలంలో ఒక రాత్రి ఒంటిగంటకి, కోరుట్ల దగ్గర మా ఊళ్లో తాతకి ఛాతీలో నొప్పి వచ్చింది. పక్కింటివాళ్లు ఆటోలో కోరుట్ల తీసుకెళ్లారు. అమ్మ కరీంనగర్ నుంచి బయల్దేరుతూ ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక్క లైన్ మెసేజ్ పెట్టింది. నేను హైదరాబాద్‌లో రిలీజ్ పనిలో ఉండి ఫోన్ సైలెంట్‌లో పడేశా. ఆ మెసేజ్ ముందు చూసింది డల్లాస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు, అన్నయ్య. అక్కడ అప్పుడు మధ్యాహ్నం రెండున్నర. అన్నయ్య ఫ్రెండ్ ఒకతను కరీంనగర్‌లో గుండె డాక్టర్. అతనికి ఫోన్ చేస్తే "అక్కడ ఆగొద్దు, నేరుగా నా దగ్గరికి తీసుకొచ్చెయ్యమను" అన్నాడు. ఈ ఒక్క మాట అమ్మమ్మకి చేరాలి. అమ్మ ఫోన్ దారిలో కలవట్లేదు. అమ్మమ్మ దగ్గర ఉన్నది బటన్ ఫోన్, అందులో వాట్సాప్ లేదు. అన్నయ్య ఇంటర్నెట్ కాలింగ్ యాప్ తీసి నాలుగు సార్లు చేశాడు. నాలుగు సార్లూ రింగ్ అయింది. అమ్మమ్మ ఎత్తలేదు.

ఎందుకంటే ఆమె స్క్రీన్ మీద +44 అని మొదలయ్యే ఏదో నంబర్ పడింది. అలాంటి నంబర్లు అస్సలు ఎత్తొద్దని అమ్మమ్మకి రెండు నెలల ముందు గట్టిగా చెప్పింది నేనే.

తాత ఇప్పుడు బాగున్నాడు, స్టెంట్ వేశారు. కానీ ఆ రాత్రి గంటన్నర పోయింది. తర్వాత నేను అడిగితే అమ్మమ్మ "గా నంబరు ఏందో పొడుగ్గ ఉండె, నువ్వే కదరా ఎత్తొద్దన్నవ్" అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు. అన్నయ్య ఉన్నది అమెరికాలో, కాల్ వచ్చింది ఇండియాకి, మధ్యలో ఈ బ్రిటన్ నంబర్ ఎక్కడిది? బీటెక్‌లో నెట్‌వర్క్స్ సబ్జెక్ట్ చదివినా నాకు దీని గురించి సరిగ్గా తెలీదు. అప్పుడు కూర్చుని తెలుసుకున్నదే ఈ ఆర్టికల్. రేట్లు పోల్చే ఆర్టికల్స్ చాలా ఉన్నాయి. నేను మాత్రం ఆ రేటు ఎక్కడి నుంచి వస్తుందో, ఆ చవకకి మనం ఇంకేం ఇచ్చుకుంటున్నామో చెప్తాను.

రెండూ ఒకటే అనుకోవద్దు

ఇంటర్నెట్ కాల్ అనగానే అందరికీ వాట్సాప్ గుర్తొస్తుంది. కానీ అది ఒక రకం మాత్రమే. యాప్ నుంచి యాప్‌కి వెళ్లే కాల్‌లో మీ మాట మొదట్నుంచి చివరిదాకా ఇంటర్నెట్ డేటాగానే వెళ్తుంది. టెలిఫోన్ నెట్‌వర్క్‌కి ఆ కాల్ ఉన్నట్టే తెలీదు. అందుకే నిమిషానికి ఇంత అని ఎవరూ అడగరు. డేటా ఖర్చు కూడా మీరు భయపడేంత ఉండదు. లెక్క సింపుల్. మాటని సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి పంపిస్తారు, అంటే సెకనుకి 50 ప్యాకెట్లు. ప్రతి ప్యాకెట్‌కీ అడ్రస్ వగైరా హెడర్లకి 40 బైట్లు పోతాయి. అంటే మీరు ఏమీ మాట్లాడకముందే 16 కేబీపీఎస్ ఖర్చు. కొరియర్‌లో కవర్ బరువు లాంటిది ఇది. దాని మీద ఓపస్ అనే కోడెక్‌తో 24 కేబీపీఎస్‌లో మంచి క్వాలిటీ మాట వెళ్తుంది. మొత్తం 40 కేబీపీఎస్. గంటకి ఒకవైపు 18 ఎంబీ, రెండువైపులా కలిపితే 36 ఎంబీ. రోజుకి 1.5 జీబీ ప్లాన్ ఉన్నవాళ్లకి ఇది లెక్కలోకే రాదు. ఓపస్ 2012లో స్టాండర్డ్ అయింది. 6 కేబీపీఎస్ నుంచి 510 దాకా ఎక్కడైనా పనిచేస్తుంది, నెట్ బలహీనపడితే మధ్యలోనే తగ్గిపోతుంది. పాత టెలిఫోన్ ప్రపంచంలో వాడే జీ.711కి ఒక్క మాటకే 64 కేబీపీఎస్ కావాలి.

రెండో రకం యాప్ నుంచి ఫోన్‌కి. అవతలి వాళ్ల దగ్గర ఏ యాప్ ఉండక్కర్లేదు, నెట్ ఉండక్కర్లేదు, బటన్ ఫోన్ అయినా ల్యాండ్‌లైన్ అయినా మోగుతుంది. ఇక్కడ డబ్బులు పడతాయి. అన్నయ్య ఆ రాత్రి చేసింది ఇదే.

నిమిషానికి పైసలు ఎవరికి వెళ్తాయి?

డల్లాస్ నుంచి అన్నయ్య మాట అతని వైఫై మీదుగా యాప్ కంపెనీ సర్వర్‌కి వెళ్తుంది. ఇక్కడిదాకా దాదాపు ఫ్రీ. అక్కడి నుంచి ఇండియా ఫోన్ నెట్‌వర్క్‌లోకి దిగాలి. యాప్ కంపెనీకి ఇండియాలో సొంత దారి ఉండకపోవచ్చు. అందుకని నిమిషాలని హోల్‌సేల్‌లో అమ్మే కంపెనీ దగ్గర కొంటుంది. ఆ కంపెనీ ఇంకో కంపెనీకి ఇస్తుంది. చివరికి ఇండియాలో ఇంటర్నేషనల్ లాంగ్ డిస్టెన్స్ లైసెన్స్ ఉన్న ఆపరేటర్ గేట్‌వేలో దిగి, అక్కడి నుంచి అమ్మమ్మ సిమ్ ఉన్న ఆపరేటర్‌కి చేరుతుంది. కూరగాయలు రైతు దగ్గర్నుంచి మండీ, మండీ నుంచి కమిషన్ ఏజెంటు, అక్కడి నుంచి మన వీధిలో బండికి వచ్చినట్టే. ప్రతి చోటా కొంచెం కొంచెం తీసుకుంటారు.

ఇందులో చివరి ముక్క, అంటే అమ్మమ్మ ఆపరేటర్ తీసుకునేదాన్ని టర్మినేషన్ ఛార్జ్ అంటారు. విదేశాల నుంచి వచ్చే కాల్స్‌కి దీన్ని మన దగ్గర ట్రాయ్ నిర్ణయిస్తుంది. నిమిషానికి 53 పైసలు ఉన్నదాన్ని 2018 ఫిబ్రవరిలో 30 పైసలకి తగ్గించారు. 2020 మేలో పద్ధతి మార్చి 35 నుంచి 65 పైసల మధ్య ఎంతైనా పెట్టుకోవచ్చన్నారు. అమెరికా నుంచి ఇండియాకి యాప్ రేటు సెంటు దగ్గర ఉందంటే, మన లెక్కలో రూపాయికి కాస్త తక్కువ. అందులో టర్మినేషన్ తీసేస్తే మిగతా అందరికీ కలిపి మిగిలేది చిల్లరే. అంటే ఈ రేటు ఇంకా కిందికి దిగడానికి పెద్దగా చోటు లేదు.

కాబట్టి ఎవరైనా ఈ చివరి ముక్క ఖర్చు కంటే కూడా తక్కువకి ఇండియాకి నిమిషాలు అమ్ముతున్నారంటే అనుమానించాలి. ఒకటి, అది కొత్త కస్టమర్లని లాగడానికి ఇచ్చే ఆఫర్. రెండోది సిమ్ బాక్స్. ఒక గదిలో పదుల కొద్దీ సిమ్‌లు పెట్టిన మెషిన్. విదేశీ కాల్ ఇంటర్నెట్‌లో ఆ గదికి వస్తుంది, అక్కడి నుంచి అన్‌లిమిటెడ్ ప్లాన్ ఉన్న లోకల్ సిమ్ మీద లోకల్ కాల్‌గా మారి మనకి మోగుతుంది. టర్మినేషన్ ఛార్జ్ ఎగ్గొట్టే పద్ధతి ఇది. చట్టవిరుద్ధం కూడా, ఎందుకంటే కాల్ ఎక్కడి నుంచి వచ్చిందో పోలీసులకి కూడా దొరకదు. దుబాయ్ నుంచి మాట్లాడుతున్నామని చెప్పి మీ ఫోన్‌లో మామూలు పది అంకెల ఇండియా నంబర్ పడితే, మాట్లాడేది నిజంగా మీ బంధువే అయినా, మధ్యలో ఇలాంటి గది ఒకటి ఉండొచ్చు. సంచార్ సాథీ పోర్టల్‌లో ఇలాంటి కాల్స్ మీద ఫిర్యాదు చేయొచ్చు.

అమెరికా వైపు కథ వేరే. అక్కడ మొబైల్ నంబర్‌కీ ల్యాండ్‌లైన్ నంబర్‌కీ చూడ్డానికి తేడా ఉండదు, ఏరియా కోడ్‌తోనే మొదలవుతాయి, టర్మినేషన్ కూడా చాలా తక్కువ. అందుకే మన దగ్గర్నుంచి అమెరికాకి యాప్ కాల్ చవక. యూరప్ దేశాలకి చేసేటప్పుడు మాత్రం రేట్ కార్డ్‌లో ల్యాండ్‌లైన్‌కి ఒక లైన్, మొబైల్‌కి ఇంకో లైన్ ఉంటుంది, రెండోది చూసుకోవాలి. క్యూబా, మాల్దీవులు, శాటిలైట్ ఫోన్లు లాంటివి ఎప్పుడూ ఖరీదే. తెలియని అంతర్జాతీయ నంబర్ నుంచి మిస్డ్ కాల్ వస్తే తిరిగి చేయొద్దు అనేది అందుకే. అవతల కాల్ దిగే చోట డబ్బులు పంచుకునే ఏర్పాటు ఉంటుంది.

ఇంతకీ ఆ +44 ఎక్కడిది?

అన్నయ్య వాడిన యాప్‌లో అతని సొంత నంబర్‌ని కాలర్ ఐడీగా వెరిఫై చేయలేదు. ఇన్‌స్టాల్ చేసి, పది డాలర్లు వేసి, వాడటం మొదలుపెట్టేశాడు. అలా వదిలేస్తే చాలా యాప్‌లు తమ దగ్గరున్న నంబర్లలో ఏదో ఒకటి పంపిస్తాయి. లేదా ఏమీ పంపవు, అప్పుడు ప్రైవేట్ నంబర్ అని పడుతుంది. ఆ యాప్ బ్రిటన్ నంబర్ పంపింది.

సెట్టింగ్స్‌లో కాలర్ ఐడీ అనే ఆప్షన్ ఉంటుంది. అందులో మీ నంబర్ ఇస్తే ఓటీపీ వస్తుంది, అది కొడితే ఇకనుంచి ఆ నంబర్ వెళ్తుంది. రెండు నిమిషాల పని. ఇక్కడే ఒక చిక్కు ఉంది, ఇది నాకు చాలా ఆలస్యంగా తట్టింది. అమెరికాలో ఉన్న మనవాళ్లలో చాలామంది బ్యాంక్ ఓటీపీల కోసం ఇండియా సిమ్ కూడా బతికించుకుంటారు. అమ్మమ్మకి ఆ పాత నంబర్ తెలుసు కదా అని దాన్నే కాలర్ ఐడీగా పెడదామనిపిస్తుంది. పెట్టకండి. బయటి దేశం నుంచి +91 నంబర్ మోసుకుని వచ్చే కాల్స్ ఇప్పుడు గేట్‌వే దగ్గరే అనుమానం కింద వస్తాయి. మోసగాళ్లు ఇదే పద్ధతిలో పోలీసులమని, కొరియర్ వాళ్లమని చేసేవాళ్లు. అలాంటి కాల్స్‌ని ఆపడానికి టెలికాం శాఖ 2024 అక్టోబర్‌లో ఒక సిస్టమ్‌నే ప్రారంభించింది. మీ కాల్ నిజమైనదే అయినా అందులో చిక్కుకునే అవకాశం ఉంది. మీరు ఉన్న దేశం నంబరే పెట్టండి, +1 అయితే +1.

అలా పెట్టినా నూటికి నూరుపాళ్లు అదే నంబర్ పడుతుందన్న గ్యారంటీ లేదు. ఇందాక చెప్పిన మండీ చైన్‌లో ఏ ఒక్కరు చవక దారి తీసుకున్నా నంబర్ దారిలో మారిపోవచ్చు. అందుకే ఇండియాకి చేసే యాప్‌ని ఎంచుకునేటప్పుడు నేను ఇప్పుడు ముందు చూసేది రేటు కాదు. ఒక రూపాయి క్రెడిట్ మీద, వేర్వేరు టైముల్లో, ఇంట్లో ఉన్న రెండు వేర్వేరు నెట్‌వర్క్ సిమ్‌లకి నాలుగైదు సార్లు చేయించి, ప్రతిసారీ ఏ నంబర్ పడిందో రాసుకుంటా. మూడు యాప్‌లతో ఇలా చేయిస్తే ఒకటి మాత్రమే ప్రతిసారీ సరైన నంబర్ చూపించింది. అది మిగతా రెండింటికన్నా నిమిషానికి కొంచెం ఎక్కువ. అన్నయ్య దానికే మారాడు.

తర్వాత అమ్మమ్మ ఫోన్. అందులో అన్నయ్య నంబర్‌ని +1తో సహా మొత్తం సేవ్ చేశా. ముందు ప్లస్ లేకుండా ఉత్త పది అంకెలు సేవ్ చేస్తే కొన్ని ఫోన్లలో పేరు కలవదు. పేరుకి స్పెషల్ రింగ్‌టోన్ పెట్టే ఆప్షన్ అదృష్టం కొద్దీ ఆ ఫోన్‌లో ఉంది. ఇంకొకటి మా ఇంట్లో పాతది: రెండు రింగులు ఇచ్చి కట్ చేసి మళ్లీ చేయడం. మిస్డ్ కాల్ భాషలో పెరిగిన మనకి కొత్తేం కాదు, నెట్‌వర్కింగ్ భాషలో హ్యాండ్‌షేక్ అనుకోండి. అయితే దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, మోసగాడు కూడా రెండుసార్లు చేయగలడు. స్క్రీన్ మీద పేరు పడటమే అసలు గుర్తు.

అత్యవసరానికి ఇంకో విషయం. విదేశం నుంచి 108 కొట్టినా 112 కొట్టినా కోరుట్లలో అంబులెన్స్ కదలదు. ఆ చిన్న నంబర్లు ఎక్కడికక్కడ పనిచేసేవి. చాలా కాలింగ్ యాప్‌లు అసలు ఎమర్జెన్సీ నంబర్లకి కనెక్ట్ చేయవు. దగ్గర్లోని హాస్పిటల్, పక్కింటివాళ్లు, ఆటో నడిపే తెలిసినవాళ్లు, వీళ్లందరి నంబర్లూ +91తో మొత్తం సేవ్ చేసి పెట్టుకోవాలి. ల్యాండ్‌లైన్ అయితే ఎస్టీడీ కోడ్‌లో ముందున్న సున్నా తీసేయాలి. కరీంనగర్ 0878 కదా, బయటి నుంచి +91 878 తర్వాత నంబర్. ఈ సున్నా దగ్గర తప్పు చేసి కాల్ పోవట్లేదనేవాళ్లు నాకు తెలిసి చాలామంది.

మాట ఎందుకు మింగేస్తుంది?

అమెరికా కాల్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగి, "చెప్పు చెప్పు" "నువ్వే చెప్పు" అనుకోవడం అందరికీ అనుభవమే. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మాటలు సహజంగా సాగుతాయని, 400 దాటకూడదని ఐటీయూ సిఫార్సు. ఇప్పుడు లెక్కేయండి. హైదరాబాద్ నుంచి డల్లాస్ సరళంగా చూస్తే సుమారు 14 వేల కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకి 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే ఏ రౌటరూ అడ్డం రాకపోయినా 70 మిల్లీసెకన్లు. కేబుల్ సముద్రంలో నేరుగా గీత గీసినట్టు వెళ్లదు, చుట్టూ తిరుగుతుంది, కాబట్టి వంద దాటేస్తుంది. దాని మీద ప్యాకెట్ నింపడానికి 20, జిట్టర్ బఫర్‌కి ఇంకో 40-60. మొత్తం 200 దగ్గరికి వచ్చేసింది. ఇది యాప్ తప్పు కాదు, భూమి సైజు.

జిట్టర్ అంటే ఏంటంటే, జేబీఎస్‌లో జగిత్యాల బస్సులు ఇరవై నిమిషాలకొకటి బయల్దేరతాయనుకోండి. దారిలో ట్రాఫిక్ వల్ల అవతల దిగేటప్పుడు మూడు బస్సులు ఒకేసారి వచ్చి, తర్వాత గంటసేపు ఒక్కటీ రాదు. మాట ప్యాకెట్లకీ అంతే. అందుకని అవతల ఫోన్ కొన్ని ప్యాకెట్లు వచ్చేదాకా ఆగి, వరసగా పేర్చి వినిపిస్తుంది. ఎక్కువసేపు ఆగితే మాట తెగదు కానీ ఆలస్యం పెరుగుతుంది, తక్కువ ఆగితే ఆలస్యం లేదు కానీ మాట తెగుతుంది. మరీ ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్‌ని పారేస్తారు. సినిమా డౌన్‌లోడ్‌లో పోయిన ముక్కని మళ్లీ అడిగి తెప్పించుకుంటాం, ఫోన్‌లో అలా కుదరదు. రెండు సెకన్ల కిందటి "ఊ" ఇప్పుడొచ్చి ఏం లాభం?

ఇందులో మన చేతిలో ఉన్నది మన ఇంటి వైఫై ఒక్కటే. చాలాసార్లు జిట్టర్‌కి కారణం సముద్రం కాదు, హాల్లో రౌటర్, బెడ్‌రూమ్‌లో మనం, మధ్యలో రెండు గోడలు. రౌటర్ ఉన్న గదిలోకి వెళ్లి మాట్లాడండి, లేదా మంచి 4జీ సిగ్నల్ ఉంటే వైఫై ఆపేసి చూడండి. కాల్ టైంలో వీపీఎన్ ఆన్‌లో ఉంటే ప్యాకెట్లు ఇంకో ఊరు చుట్టి వస్తాయి. మీ గొంతు మీకే తిరిగి వినిపిస్తుంటే మాత్రం, సమస్య సాధారణంగా అవతలి ఫోన్ స్పీకర్‌లో ఉంటుంది. అమ్మమ్మ స్పీకర్ ఆన్ చేసి ఫోన్‌ని మంచం మీద పెట్టేస్తుంది, మరి.

దుబాయ్ సంగతి వేరు

మా బావ దుబాయ్‌లో ఉంటాడు. జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌లో మనిషి లేని ఇల్లు అరుదు కాబట్టి ఇది కూడా చెప్పాలి. యూఏఈలో వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి, కాల్స్ వెళ్లవు. అక్కడ ఇంటర్నెట్ కాలింగ్‌కి అనుమతి ఉన్న యాప్‌ల లిస్ట్ వేరే ఉంది. బొటిమ్ అందులో మనవాళ్లలో బాగా తెలిసినది. జూమ్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ కూడా ఉన్నాయి. కొన్ని యాప్‌లకి అక్కడి ఆపరేటర్ల దగ్గర ఇంటర్నెట్ కాలింగ్ ప్లాన్ వేసుకోవాలి. ఇటువైపు అక్కకి ఏ ప్లానూ అక్కర్లేదు, అదే యాప్ ఉంటే చాలు.

వీపీఎన్ పెట్టుకుని వాట్సాప్ కాల్ చేయొచ్చని రూమ్మేట్స్ చెప్తారు. యూఏఈ సైబర్ చట్టంలో, నేరం చేయడానికో దాచడానికో వీపీఎన్‌తో ఐపీ అడ్రస్ మార్చితే జరిమానా 5 లక్షల దిర్హమ్‌ల నుంచి 20 లక్షల దాకా ఉంది. నెలకి కొన్ని దిర్హమ్‌లు మిగుల్చుకోవడానికి ఆ రిస్క్ తీసుకోవడం తెలివైన పని కాదు, ముఖ్యంగా వీసా కంపెనీ చేతిలో ఉన్నవాళ్లకి. బావ, అక్క ఇద్దరూ పగలంతా వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు పంపుకుంటారు, రాత్రి ఒక్కసారి బొటిమ్‌లో వీడియో కాల్. వాయిస్ మెసేజ్‌లకి జిట్టర్ కూడా ఉండదు.

ఇక్కడి నుంచి అటు

ఇండియా నుంచి అమెరికా నంబర్‌కి చేయాల్సిన అవసరం స్టూడెంట్స్‌కి ఎక్కువ: యూనివర్సిటీ ఆఫీస్, బ్యాంక్, ఇంటి ఓనర్. వీటికి వాట్సాప్ ఉండదు. కాలింగ్ యాప్‌లో కొన్ని డాలర్ల క్రెడిట్ సరిపోతుంది. అమెరికా టోల్‌ఫ్రీ నంబర్లు మన మొబైల్ నుంచి కలవకపోవచ్చు, కలిసినా ఐఎస్‌డీ పడుతుంది. కొన్ని యాప్‌లలో ఆ నంబర్లు ఫ్రీ, రేట్ కార్డ్‌లో చూసుకోండి. సెలవులకి వచ్చినవాళ్ల దగ్గర అమెరికా సిమ్ ఉంటే, అక్కడ ఉండగానే వైఫై కాలింగ్ ఆన్ చేసుకుని రావాలి. ఇక్కడ ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై మాత్రమే ఆన్ చేస్తే, చాలా అమెరికా ప్లాన్లలో అమెరికా నంబర్లకి చేసే కాల్స్‌కి అదనంగా ఏమీ పడదు. ఏరోప్లేన్ మోడ్ మర్చిపోతే సిమ్ ఇక్కడి టవర్‌ని పట్టుకుని రోమింగ్ మొదలవుతుంది. అమెరికా వెళ్లాక గూగుల్ వాయిస్ నంబర్ తీసుకుంటే మంచిదే, కానీ చాలా బ్యాంకులు ఇలాంటి ఇంటర్నెట్ నంబర్లకి ఓటీపీ పంపవు. దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుని సిమ్ వదిలేయకండి.

యాప్‌లో ఉండి ఇండియా నుంచి ఇండియా నంబర్‌కి చేద్దామంటే ఈ విదేశీ యాప్‌లు ఒప్పుకోవు. స్కైప్ కూడా ఆ సౌకర్యాన్ని 2014 నవంబర్‌లో ఆపేసింది. లైసెన్స్ నిబంధనలు అలా ఉన్నాయి. ఆ స్కైప్ కూడా 2025 మే 5న మూతపడింది. 2003లో మొదలై, ఒక తరం ఎన్నారైలకి ఇంటి గొంతు వినిపించిన పేరది. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఇంకా "స్కైపులో చేయి" అంటుంటే ఆశ్చర్యపోకండి.

క్రెడిట్ వేసే ముందు ఒక్క నిమిషం. కనెక్షన్ ఫీ ఉందా, అరనిమిషాన్ని నిమిషంగా రౌండ్ చేస్తారా, వాడని క్రెడిట్ ఎన్నాళ్లకి ఎక్స్‌పైర్ అవుతుంది, ఈ మూడూ రేటు కంటే ముందు చదవండి. రోజూ పావుగంట మాట్లాడితే నెలకి 450 నిమిషాలు, సెంటు చొప్పున నాలుగున్నర డాలర్లు. అలా మాట్లాడేవాళ్లకి నెలవారీ ప్లాన్ కంటే క్రెడిటే చవక పడొచ్చు. అదే రోజుకి పదిసార్లు ఇరవై సెకన్లు మాట్లాడి పెట్టేసే రకం అయితే, రౌండింగ్ వల్ల మూడు నిమిషాల మాటకి పది నిమిషాలు కట్టాలి.

ఇంకొకటి, ప్రైవసీ. వాట్సాప్ కాల్ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్, మధ్యలో ఎవరూ వినలేరు. యాప్ నుంచి ఫోన్‌కి చేసే కాల్ అలా కాదు. గేట్‌వే దాటాక అది మామూలు ఫోన్ కాల్, అంతకుముందు ఎన్ని చేతులు మారిందో మీకు తెలీదు. యాప్ పేజీ మీద తాళం బొమ్మ ఉందని కార్డ్ నంబర్లు చదవకండి.

ఈ పాట్లన్నీ మా ఇంట్లో ఇంకా పూర్తిగా అర్థం కానిది తాతకే. 2002 ఏప్రిల్ దాకా మన దేశంలో ఐఎస్‌డీ అంతా ఒక్క వీఎస్‌ఎన్‌ఎల్ చేతిలోనే ఉండేది. ఆయనకి ఐఎస్‌డీ అంటే ఇప్పటికీ కోరుట్ల బస్టాండ్ దగ్గర బూత్‌లో ఎర్ర అంకెలు తిరిగే మీటరే. అన్నయ్య పేరు స్క్రీన్ మీద పడగానే అమ్మమ్మ ఇప్పుడు రెండో రింగ్‌కే ఎత్తుతుంది. పోయిన ఆదివారం తాతకి ఇచ్చింది. మందులు వేసుకుంటున్నావా అని అన్నయ్య అడుగుతుండగానే తాత "ఆఁ ఆఁ, బిల్లు అయితది, పెట్టెయ్ బిడ్డా" అని కట్ చేశాడు. యాప్‌లో చూస్తే 1 నిమిషం 10 సెకన్లు. రెండు నిమిషాలకి కొట్టారు.